పసుపుదారం కట్టిన కాయలు

"దేవుడి కాయలు దేవుడికి పోయినాయి. దానికింత రాద్ధాంతం దేనికి?" అంది వెంకమ్మ, చీపురు ఆపకుండానే.

నిరోష దొడ్లో ఆ టమోటా మొక్క ముందు కూలబడి ఉంది. ఆకులన్నీ ముడుచుకుపోయి, ఇవాళో రేపో అన్నట్టున్న మొక్క. నిన్న పొద్దున దాని మీద మూడు కాయలున్నాయి. ఒక్కో తొడిమకీ ఒక్కో పసుపుదారం. ఇప్పుడు కాయల్లేవు, దారాలూ లేవు.

"నువ్వే తెంపినావా అత్తా?"

"నేనే తెంపినాను. తలస్నానం చేసే తెంపినాను. మైలేం కాలేదులే."

"మైల సంగతి కాదు నేనడిగేది. కాయలేవీ?"

"పెంచలకోనకి పోయినాయి."

తప్పు ఎవరిదని చెప్పాలి? ఈ ఇంట్లో పసుపుదారం కట్టిన కాయంటే ముడుపు. తొలి గుమ్మడి పిందె కానీ, తొలి మామిడికాయ కానీ, చెట్టు మీద ఉండగానే దారం కట్టి "నరసింహస్వామీ, ఇది నీది" అనుకుంటే ఇక మనుషులు దాన్ని ముట్టరు. పండగానే ఒక శనివారం పెంచలకోనలోని ఆయన గుడికి పంపేస్తారు. వెంకమ్మ అత్తగారి కాలం నుంచీ అంతే. కోడలికి ఆ సంగతి తెలియకపోలేదు, ఆ వేళకి గుర్తు రాలేదంతే.

నిరోష కుట్టుమిషను మనిషి. మూడేళ్లుగా టమోటా పూలకి సూదితో పెళ్లిళ్లు చేస్తోంది. విచ్చుకోని మొగ్గలోంచి పుప్పొడి కాడల్ని సూదిమొనతో తీసేయడం, ఇంకో మొక్క పుప్పొడి తెచ్చి అద్దడం, అద్దిన పువ్వుకి నీలం దారం కట్టడం. గింజకని ఉంచే కాయకీ ఆ నీలం దారమే. ఈసారి నీలం రీలంతా బడి పిల్లల డ్యాన్సు బట్టలకి అయిపోయింది. చేతికి పసుపు రీలు దొరికింది. ఎవరూ ముట్టకూడదని కట్టింది. ఆ మాట అత్తతో చెప్పమని మొగుడికి అప్పజెప్పి, నిన్న పెళ్లి జాకెట్లు ఇచ్చి రావడానికి కలువాయి వెళ్లింది. మొగుళ్లకి అప్పజెప్పిన మాటలు ఎక్కడికి పోతాయో ఏ ఆడదానికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

"ఎవరు తీసుకోనిపోయినారు కోనకి?"

వెంకమ్మ చీపురుతోనే వరండా వైపు చూపించింది. అక్కడ మంచం మీద రామనారాయణ పేపరు చదువుతున్నాడు. కోడలు తన వైపు చూడగానే పేపరు ఇంకాస్త పైకెత్తాడు.

"మామా?"

"నేను ఉత్త పోస్టుమ్యాన్‌ని అమ్మా," అన్నాడాయన పేపరు వెనకాల నుంచే. "మీ అత్త సంచి చేతికిచ్చి బస్టాండుకి పొమ్మంది, పోయినాను. మీ అమ్మ కోన గుడిలో రాత్రి నిద్ర చేసేదానికి పోతా ఇక్కడ బస్సు మారతా ఉండింది. ఆమె చేతికిచ్చి వచ్చినాను."

"ఎవరి చేతికి?"

"మీ అమ్మ చేతికే."

నిరోష నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఊళ్లో అంతమంది ఉండగా, పోయి పోయి తన తల్లి సుకుమారి చేతికి!

ఉదయగిరిలో సుకుమారి పెరట్లో ఒకప్పుడు నాటు టమోటా ఉండేది. చిన్నకాయ, ఒళ్లంతా ముడతలు, పల్చటి తోలు. కొరికితే పులుపు ముందు నాలుకని గిల్లి, ఆ తర్వాత బుజ్జగించేది. సుకుమారికి అది వాళ్లమ్మ ఇచ్చిన విత్తనం. ఇల్లు తిరగ్గట్టినప్పుడు పాత గోడ కూల్చేశారు. బూడిదలో కలిపి ఆ గోడకి అంటించి దాచిన విత్తనమూ మట్టిలో కలిసింది. ఆత్మకూరులో నిరోష దగ్గర మాత్రం ఆ జాతిది ఒక్క మొక్క బతికి ఉంది. నిరోష ఏం చేసింది? దాని పూలన్నింటికీ అత్తగారి దొడ్లోని నున్నటి గుండుకాయ పుప్పొడి అద్దేసింది. తల్లి పులుపు, అత్త కాయ కండ ఒక్కదాంట్లో రావాలని ఆశ. ఎండాకాలం వచ్చి తల్లిమొక్క చచ్చిపోయింది.

"పుట్టింటి విత్తనాన్ని అత్తింటికి కట్టబెట్టి, ఉన్నదాన్ని చంపినావు," అంది సుకుమారి అప్పుడు. ఆ మాట అన్న రోజు నుంచి కూతురు తెచ్చిన టమోటా ఒక్కటీ నోట పెట్టలేదు. తెచ్చినవి తెచ్చినట్టు పక్కింటికి పంపేసేది.

కలిపిన తర్వాత మొదటి ఏడాది మొక్కలన్నీ ఒకే అచ్చు, ఒకే చప్పదనం. వాటి గింజలు వేస్తే ఈ ఏడాది ఒక్కోటి ఒక్కో తీరు. మనుషుల్లో చూడమా, తాత ముక్కు కొడుకుని వదిలేసి మనవడికి వస్తుంది. అట్లాగే ఒకే ఒక్క మొక్కకి ఆ పాత పులుపు తిరిగొచ్చింది, దాంతోపాటు గుండుకాయ కండ కూడా. తొలికాయని రామనారాయణ ఉప్పద్దుకుని గింజలతో సహా మింగేశాడు కాబట్టే ఆ సంగతి తెలిసింది. ఇంతలో ఆకుముడత తెగులు తగిలింది. మిగిలినవి ఆ మూడు కాయలే. ఆ గింజలు పోతే సుకుమారి అమ్మగారి పులుపు భూమ్మీద ఇంకెక్కడా లేదు.

నిరోష తల్లికి ఫోను చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. అదే.

"దేవుడి ముందర పెట్టిన కాయలు ఈ పాటికి ఏ సాంబారులోనో..." అని మొదలుపెట్టి, భార్య చూపు చూసి రామనారాయణ మళ్లీ పేపరులోకి పోయాడు.

ఆ తర్వాత అత్తాకోడళ్లు మాట్లాడుకోలేదు. వెంకమ్మ గిన్నెలు తోమింది. అవసరమైన దానికంటే గట్టిగా తోమింది. నిరోష మిషను ముందు కూర్చుని, ఒకే జాకెట్టు చంకని రెండుసార్లు కుట్టి రెండుసార్లు విప్పింది.

"అన్నం?" అంది వెంకమ్మ కొంతసేపటికి, గోడకి చెప్పినట్టు.

"ఆకలి లేదు," అంది నిరోష, మిషనుకి చెప్పినట్టు.

ఆ మౌనాన్ని లిదియమ్మ వచ్చి చెడగొట్టింది. చర్చి నుంచి తిన్నగా వచ్చిన మనిషి, తెల్లచీర నలగలేదు. పక్కింటావిడే అయినా ఆదివారం మాత్రం వీధి వాకిలి గుండానే వస్తుంది. చేతిలో చిన్న ఉప్పు పొట్లం. వెంకమ్మ చేతి ఉప్పు మీద ఆమెకి నమ్మకం లేదు.

"ఏమ్మా, ఇంకా పళ్లేలు పెట్టలా? పాస్టరుగారు ఇయ్యాల ప్రసంగం సాగదీసినాడని ఆకలితో పరిగెత్తుకుంటా వచ్చినాను," అంది.

ఆదివారమంటే ఆ ఇంట్లో టమోటాల పరీక్ష. మొక్కకొక కాయ కోసి ముక్కలు పళ్లెంలో పెట్టడం, ముక్కకీ ముక్కకీ మధ్య గుక్కెడు మజ్జిగ తాగడం, తర్వాత ఎవరి తీర్పు వాళ్లు చెప్పడం. మొక్కలకి పేర్లు పెట్టే హక్కు రామనారాయణది. ఒకప్పుడు పంచాయితీలో చక్రం తిప్పిన మనిషికి ఇప్పుడు చేతిలో మిగిలిన అధికారం అదొక్కటే.

"ఇయ్యాల వద్దులే లిదియమ్మత్తా," అంది నిరోష.

"ఎందుకొద్దు?" రామనారాయణ లేచి కూర్చున్నాడు. "అన్నీ ఒక్క కాయలోంచి వచ్చిన తోబుట్టువులే గదా. ఒకదానికొచ్చిన గుణం ఇంకోదానికి రాకూడదని ఏముండాది? పట్రామ్మా కత్తి."

నిరోష మనసులో చిన్న ఆశ లేచింది. లేచి వెళ్లి కాయలు కోసుకొచ్చింది.

మొదట 'తాసిల్దారు'. పిడికిలంత కాయ, దాని బరువుకి కొమ్మ నేలకి వాలింది. లిదియమ్మ ముక్క నోట్లో వేసుకుని నమిలి, ఇంకాసేపు నమిలింది.

"ఆకారం చూసి దణ్ణం పెట్టినాను గానీ, లోపలేం లేదు. ఉత్త నీళ్లు."

"ఆఫీసులో కూడా అంతే," అన్నాడు రామనారాయణ.

తర్వాత 'పెళ్లిచూపులు'. ఎర్రగా, నిగనిగలాడుతూ, ఎక్కడా మచ్చ లేని కాయ.

"తీపి," అన్నాడు రామనారాయణ. "బాగుండాది. కానీ తీపి తప్ప ఇంకో మాట రాదు దీనికి. ఇట్టాంటి వాళ్లతో కాపురం కష్టం."

"మీకు కాపురం కష్టమయింది ఎప్పుడంట?" లోపల్నుంచి వెంకమ్మ గొంతు వినిపించింది. అంటే వింటోందన్నమాట.

మూడోది 'గొణుగుడు'. భుజాలు పచ్చగా ఉండే కాయ, మింగిన తర్వాత ఎప్పుడో గొంతులో పులుపు తగులుతుంది. నిరోష కళ్లు మూసుకుని కొరికింది. పులుపు తగిలింది. ఆమె ఊపిరి బిగబట్టి ఆ వెనక రావాల్సిన దాని కోసం చూసింది, ఎండలో నలిగిన టమోటా ఆకు వాసన, చిన్నప్పుడు పెరట్లో అమ్మమ్మ వెంట తిరిగిన వాసన. రాలేదు.

"పులుపుండాది. వాసన లేదు," అంది కళ్లు తెరిచి.

"చింతపండు నాకినట్టుండాది," అంది లిదియమ్మ. "పప్పులోకి పనికొస్తాదిలే, పారెయ్యొద్దు. నాకియ్యి."

"ఏమన్నా అను, 'వియ్యపురాలు' ముందర ఇవన్నీ దిగదుడుపే," అన్నాడు రామనారాయణ నిట్టూరుస్తూ.

"అదెవరు?"

"ఇంకెవరు, ఆ ఎండిపోయే మొక్కే. మొదట పళ్లు జివ్వుమంటాయి. తర్వాత వదిలిపెట్టబుద్ధి కాదు. పేరు సరిపోలా?"

నిరోషకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకంటే 'పళ్లు జివ్వుమన్నాయి' అన్న మాట ఈ ఇంట్లో ఊరికే అనే మాట కాదు. ఏడేళ్ల కిందట, తన పెళ్లిలో, సుకుమారి స్వయంగా రోట్లో నూరి వడ్డించిన టమోటా పచ్చడి తిని వెంకమ్మ పంక్తిలో అందరి ముందూ అన్న మాట అది. "అబ్బ, ఏందిది, పళ్లు జివ్వుమన్నాయి. మనుషులు తినేదేనా?" సుకుమారి పచ్చడి గిన్నె అక్కడే పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా వెంకమ్మ ఉదయగిరి గడప తొక్కలేదు. పిలిచినా మోకాళ్ల నొప్పులనేది, పిలవకపోతే పిలవలేదనేది.

సరిగ్గా అప్పుడు నిరోష మొగుడు పెంచలప్రసాద్ డ్యూటీ దిగి వచ్చాడు. ఖాకీ చొక్కా మీద చెమట మరకలు. బస్సు కండక్టరు కదా, ఇంట్లోకి అడుగు పెట్టినా ముందు మనుషుల్ని లెక్కపెట్టినట్టు చూస్తాడు.

"ఏంది, అందరూ ఉండారు, ఎవరి మొహంలోనూ కళ లేదు?"

"బావా, నేను కలువాయి పోతా నీకేం చెప్పినాను?" అంది నిరోష.

అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఏదో చెప్పినావు. దారం... అమ్మకి... అబ్బా!"

"అదీ సంగతి," అన్నాడు రామనారాయణ. తప్పు పంచుకునేందుకు ఇంకొకడు దొరికినందుకు ఆయన ప్రాణం కుదుటపడింది.

జరిగిందంతా విని పెంచలప్రసాద్ వేలు పైకెత్తాడు. "ఉండు ఉండు. పొద్దున మీ అమ్మని ఉదయగిరి బస్సు ఎక్కించింది నేనే. ఒళ్లో ఒక సంచి పెట్టుకోనుండాది. పైన పెడతానియ్యి అత్తా అంటే నన్ను ముట్టుకోనీలా. రెండు చేతులతో పట్టుకోనే కూర్చుంది."

"సంచిలో ఏముండాది?"

"ముట్టుకోనీలా అంటా ఉంటే, ఏముండాదంటే ఎట్టా చెప్పేది?"

నిరోష మళ్లీ ఫోను చేసింది. స్విచాఫ్. కోనలో రాత్రి నిద్ర చేసి వచ్చిన మనిషి, ఛార్జింగు ఎక్కడ పెట్టుకుంటుంది?

వంటింటి గడప దగ్గర వెంకమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుస్తోంది.

"నేనొకటి చెప్తాను. ఎవరూ నవ్వకూడదు," అంది.

ఎవరూ నవ్వలేదు.

"ఆ మొక్క చస్తా ఉండాదని నాకూ తెలుసు. రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోస్తా ఉండేది ఎవరనుకుంటా ఉండావు? పసుపుదారం చూసినాను. మొక్క బతకాలని నువ్వు స్వామికి ముడుపు కట్టినావనుకున్నాను. శనివారం దాటిపోతే మొక్కుబడి తప్పి మొక్క పోతాదేమోనని భయపడినాను. అందుకే, ఏనాడూ లేంది, మీ అమ్మ చేతికని కూడా చూడకుండా పంపించినాను."

నిరోష లేచి నిలబడింది. పొద్దుట్నుంచి అత్త మీద పెంచుకున్న కోపమంతా ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

"నీకు పులుపు పడదు గదా అత్తా. ఆ మొక్క బతికితే నీకేం, చస్తే నీకేం?"

"తొలికాయ మీ మామ ఒక్కడే తినలా," అంది వెంకమ్మ. "సగం నేను తిన్నాను."

రామనారాయణ ఆకాశం వైపు చూశాడు. ఆ సగం సంగతి బయటపెట్టనని ఆయన ఒట్టేసి ఉన్నాడు మరి.

ఎవరైనా ఏదైనా అనేలోపు ఫోను మోగింది. తెర మీద 'అమ్మ'. నిరోష స్పీకరు నొక్కింది. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

"అమ్మా? ఏమయింది?"

"నిరోషా, మీ అత్త పంపించిన కాయలు ఏ చెట్టువి?"

"ఎందుకమ్మా?"

"ఎందుకా? అయ్యవారు మూడూ స్వామి ముందర పెట్టి, ఒకటి అక్కడే ఉంచుకోని, రెండు ప్రసాదమని నా చేతిలో పెట్టినాడు. ప్రసాదం గదా, పక్కింటికి పంపించలేను. ఇంటికొచ్చి ఒకటి కోసినాను. కోసేతలికి ఆ వాసన..." ముక్కు చీదుకుంది. మళ్లీ అందుకుంది. "మా అమ్మ వచ్చి నా వెనకాల నిలబడినట్టయింది. తిరిగి చూసినాను కూడా."

నిరోష నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తిన్నావా?" అంది అతికష్టం మీద.

"రోట్లో నూరినాను. రెండు పచ్చిమిరపకాయలు, ఉప్పు, అంతే. వేడన్నంలో కలుపుకోని తిన్నాను. తింటా ఏడ్చినాను, ఏడస్తా తిన్నాను. మీ నాయన చూసి కారం ఎక్కువయిందనుకోని చెంబుతో నీళ్లు తెచ్చినాడు."

లిదియమ్మ ఫక్కున నవ్వి, కళ్లు తుడుచుకుంది. నిరోష మాత్రం నవ్వలేదు. అడగాల్సింది ఇంకా అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని భయం.

"అమ్మా, గింజలు?"

వరండాలో అందరూ ఫోను మీదికి వంగారు.

"గింజ తియ్యకుండా కాయ నూరేదాన్నా నేను?" అంది సుకుమారి గొంతు పెంచి. "మా అమ్మ నాకు నేర్పిన మొదటి పని అది. ఈ గ్యాసు పొయ్యి కొంపలో బూడిద ఎక్కడిది? పక్కింటోళ్ల నీళ్ల పొయ్యి కింద పిడికెడు అడుక్కోనొచ్చినాను. గింజలు బూడిదలో కలిపి పిడక మీద అద్దినాను. నీడలో ఆరతా ఉండాయి. ఈసారి గోడకి మాత్రం అంటించలా. ఒకసారి బుద్ధొచ్చింది."

పెంచలప్రసాద్ టోపీ గాల్లోకి విసిరాడు. అది పోయి మజ్జిగ గిన్నెలో పడింది. ఎవరూ పట్టించుకోలేదు. నిరోష అత్తని పట్టుకుని ఊపేస్తోంది. వెంకమ్మ "వదలవే, వదలవే" అంటోంది గానీ వదిలించుకోవడం లేదు.

"ఈ మొక్కకి అన్న ఏం పేరు పెట్టినాడు?" అంది ఫోనులోంచి సుకుమారి. "అన్నిటికీ పేర్లు పెడతాడంట గదా."

రామనారాయణ పేపరు కోసం వెతికాడు. అది ఆయన కిందే ఉంది.

"వియ్యపురాలని పెట్టినాడు!" అనేసింది లిదియమ్మ. చర్చి నుంచి వచ్చిన రోజు అబద్ధమాడకూడదు కదా.

"ఎవరి గురించంట? నా గురించా, మా వదిన గురించా?"

"ఇద్దరి గురించీ చెల్లెమ్మా," అన్నాడు రామనారాయణ, తప్పించుకునే దారి లేక. "పులుపు నీది. కండ ఆమెది."

ఫోనులోంచి సుకుమారి నవ్వు వినపడింది. మూడేళ్లుగా ఆ నవ్వు ఈ ఇంటికి ఫోనులో రాలేదు.

"అమ్మా, ఆ గింజలు ఊరికే దాచుకుంటే లాభం లేదు," అంది నిరోష ఆత్రంగా. "వేసినవన్నీ దీని మాదిరే రావు. మళ్లీ తలా ఒక తీరు వస్తాయి. బోలెడన్ని మొక్కలు పెట్టి, తిని చూసి ఏరుకోవాల. మా ఒక్క దొడ్డి చాలదు. సగం అక్కడ నువ్వెయ్యి, సగం ఇక్కడ మేమేస్తాం. వచ్చే ఆదివారం బావ వస్తాడు, ఇచ్చి పంపించు."

"అల్లుడి చేతికియ్యను."

"నేనొస్తాను."

"నీ చేతికీ ఇయ్యను. ఒకసారి ఇచ్చి చూసినాను గదా." కోపం నిజమో, సరసమో తెలియని గొంతుతో అంది సుకుమారి. "వదినే రావాల. రెండో కాయ కొయ్యకుండా పెట్టినాను. ఆమె ముందరే కోస్తాను, ఆమె ముందరే నూరి పెడతాను. పంక్తిలో అన్న మాట మళ్లీ అంటాదో, వెనక్కి తీసుకుంటాదో నా మొహం చూసి చెప్పాల. అప్పుడే గింజ కదిలేది."

ఫోను పెట్టేసింది.

అందరూ వెంకమ్మని చూశారు. ఆమె లోపలికి వెళ్లింది. పెట్టె మూత ధన్‌మని పడింది.

"అయిపోయింది," అన్నాడు పెంచలప్రసాద్ మెల్లిగా. "మోకాళ్లు మొదలవతాయి ఇప్పుడు."

కాసేపటికి వెంకమ్మ బయటికి వచ్చింది. ఒంటి మీద పెళ్లిళ్లకి కట్టే చీర. చేతిలో సంచి, అందులో తన గుండుకాయలు ఒక పాతిక దాకా.

"ఒట్టి చేతులూపుకుంటా పోతానా వియ్యాలవారింటికి? ఉదయగిరి బస్సు ఎన్నింటికిరా?"

"ఇంకో అరగంటలో ఉండాదమ్మా," అన్నాడు కొడుకు నోరు తెరిచి.

"ఏడేళ్లు బస్సు ఛార్జీలు దండగ అంటా ఉండావు," అన్నాడు రామనారాయణ. "ఇప్పుడు ఆడోళ్లకి బస్సు ఉచితం. ఇంక ఏ సాకూ మిగల్లా."

"మీరు నోరు మూసుకోని మొక్కకి నీళ్లు పొయ్యండి."

బస్టాండు దాకా నిరోష వెంట వెళ్లింది. అత్త చేతి సంచి తాను పట్టుకుంది. దారిలో వెంకమ్మ రెండుసార్లు జుట్టుముడి సర్దుకుంది. బస్సు ప్లాట్‌ఫారం మీద ఉంది. ఎక్కబోతూ ఆగి, కోడలి భుజం పట్టుకుని పక్కకి లాగింది.

"ఒక మాట. మీ అమ్మకి చెప్పనని చేతిలో చెయ్యి వెయ్యి."

నిరోష వేసింది.

"ఆ రోజు పెళ్లిలో నోరు జారినాను. మగపెళ్లివారమని బడాయి. అనేసిన తర్వాత తెలిసింది, ఆ పచ్చడి ఎంత బాగుండాదో. అంత మాటన్నాక ఇంకొంచెం వడ్డించమని ఏ మొహంతో అడిగేది? ఆకులో మిగిలిందంతా వేలితో నాకినాను. ఎవరూ చూడలా." వెంకమ్మ చెవుల దాకా ఎర్రబడింది. "మొన్న ఆ సగం కాయ తిన్నప్పుడు అదే రుచి. ఏడేళ్లకి మళ్లీ తగిలింది. మొక్క బతకాలని నీళ్లెందుకు పోసినానో ఇప్పుడర్థమయిందా?"

"మరి ఈ మాటే అమ్మతో చెప్పు అత్తా."

"చెప్పను. ఆమె కాయ కోసి పెట్టనీ. తింటాను. రెండోసారి అడిగి వేయించుకుంటాను. అంతే. దాన్ని బట్టి ఆమే తెలుసుకోవాల."

వెంకమ్మ సంచి అందుకుని, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుంది, అచ్చం పొద్దున వియ్యపురాలు పెట్టుకున్నట్టే. బస్సు కదిలి గేటు దాటింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "ఎండలో నిలబడొద్దు, ఇంటికి పో" అని సైగ చేసింది.

నిరోషకి గాల్లో తేలిపోతున్నట్టుంది. బెంచీ మీద కూర్చుని ఒక్కతే నవ్వుకుంది. పక్కనున్న ముసలాయన వింతగా చూశాడు.

ఫోను మోగింది. అమ్మే.

"వదిన బయల్దేరిందా?" సుకుమారి గొంతులో కంగారు.

"బయల్దేరింది. ఇప్పుడే బస్సు పోయింది."

"అయ్యో దేవుడా! ఆపలేవా?"

"బస్సునా? ఏమయిందమ్మా?"

"నేను వంటిల్లు కడిగి వచ్చేలోపు మీ నాయన రెండో కాయ తినేసినాడే! నేను ఏడ్చేంత రుచేముండాదో చూద్దామనుకున్నాడంట. గింజలతో సహా మింగినాడు. ఇప్పుడు చెంబు పట్టుకోని మూల నిలబడి ఉండాడు." సుకుమారి నిజంగానే ఏడుపు గొంతుతో అంది. "ఏడేళ్లకి నా గడప తొక్కతా ఉండాది మనిషి. ఏం నూరి పెట్టేది? కాయ లేకపోతే ఆమె మనసులో ఏముండాదో నాకెట్టా తెలిసేది?"

నిరోష రోడ్డు వైపు చూసింది. బస్సు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు. అరచేతిలో అత్త చేతి చెమట ఇంకా ఆరలేదు.

"కాయ లేకపోయినా పర్వాలేదమ్మా," అంది. "కానీ నేనొకరికి మాటిచ్చినాను."

"ఏం మాట? ఎవరికి?"

నిరోష చెయ్యిని చీరకి తుడుచుకుంది.

"చెప్తాను. ముందు నువ్వు కూర్చో."